వరద రోజున ఎవరికి ముప్పు? హార్వీ హరికేన్ (2017) ఆధారంగా రసాయన విడుదల ముప్పు అంచనా: కేస్ స్టడీ

కేసు

2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ హరికేన్ టెక్సస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర నాలుగో కేటగిరీ తీవ్రతతో తీరం దాటింది. గాలి తొందరగానే బలహీనపడింది, వాన మాత్రం వదల్లేదు. హ్యూస్టన్ చుట్టుపక్కలే రోజుల తరబడి తిష్ఠ వేసింది. నీడర్లాండ్ దగ్గర మొత్తం 60.58 అంగుళాలు, అంటే 1,539 మి.మీ. వాన నమోదైంది.

హ్యూస్టన్‌కు ఈశాన్యాన క్రాస్బీలో ఆర్కెమా కంపెనీకి ఆర్గానిక్ పెరాక్సైడ్లు తయారుచేసే ప్లాంటు ఉంది. వీటిలో కొన్ని రకాలను ఎప్పుడూ చల్లగానే ఉంచాలి. ఒక స్థాయి దాటి వేడెక్కితే నిప్పురవ్వ అక్కర్లేదు, తమంతట తామే విచ్ఛిన్నమవుతాయి. అందులో పుట్టే వేడి మరింత విచ్ఛిత్తిని రేపి, చివరకు మంట లేస్తుంది. వరద నీటితో ప్లాంటుకు మెయిన్ కరెంటు పోయింది. ఆ తర్వాత ఎమర్జెన్సీ జనరేటర్లూ, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే ఏర్పాటూ పనికిరాకుండా పోయాయి. సిబ్బంది సరుకును శీతల గిడ్డంగుల నుంచి రిఫ్రిజిరేటెడ్ ట్రెయిలర్లలోకి మార్చారు. నీరు ఇంకా పెరగడంతో ఆ ట్రెయిలర్ల చల్లదనం మీద కూడా ఆశ పోయింది. ఆగస్టు 29న సిబ్బంది అందరినీ బయటకు తెచ్చి, చుట్టూ 1.5 మైళ్ల (సుమారు 2.4 కి.మీ.) మేర జనాన్ని ఖాళీ చేయించారు.

31న ఒక ట్రెయిలర్, సెప్టెంబరు 1న మరో రెండు తగలబడ్డాయి. మిగిలిన ఆరింటికీ సెప్టెంబరు 3న అధికారులే దూరం నుంచి నిప్పు పెట్టించారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు నివేదిక ప్రకారం 3,50,000 పౌండ్లకు (సుమారు 159 టన్నులు) పైగా పెరాక్సైడ్లు కాలాయి. పొగ వల్ల 21 మంది వైద్యం కోసం వెళ్లారు. 200 మందికి పైగా వారం పాటు ఇళ్లకు తిరిగి రాలేకపోయారు.

ముప్పు అంచనా వేసేవాళ్లు ఈ కేసులో చూడాల్సింది పెరాక్సైడ్ల రసాయన శాస్త్రం ఒక్కటే కాదు. రసాయనాన్ని బయటకు తెచ్చిన నీరే రోడ్డును కోసింది, కరెంటు తీసింది. తుపాను భయంతోనే గాలి నాణ్యత మానిటర్లను ఆపేశారు. మన దగ్గరుండే జనాభా పటాలు, రోడ్ల పటాలు, ఆసుపత్రుల జాబితాలు మాత్రం వాన లేని రోజువి. పొడి రోజు పటం మీద వరద రోజు విడుదలను పరిస్తే వచ్చే అంచనా తప్పు, అదీ ప్రమాదాన్ని తక్కువ చేసి చూపించే వైపు తప్పు. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ తప్పును తప్పించడానికే.

మొదటి పని: మూలాల జాబితా

చాలామంది ఇక్కడే తొందరపడి, ప్రమాదకర రసాయనాలున్న ప్లాంట్లను నమోదు చేసే అమెరికా ప్రభుత్వ రిస్క్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం (ఆర్.ఎం.పి.) జాబితా తీసుకుని పటం మీద చుక్కలు పెట్టేస్తారు. క్రాస్బీ ప్లాంటు ఆ జాబితాలో ఉంది, కానీ ఐసోబ్యుటిలీన్, సల్ఫర్ డయాక్సైడ్‌ల కోసం. తగలబడ్డ ఆర్గానిక్ పెరాక్సైడ్లు ఆ నిబంధన కిందికే రావు. జాబితాను నమ్ముకున్నవాళ్లకు చుక్క సరైన చోటే కనిపిస్తుంది, ముప్పు మాత్రం వేరే రసాయనంలో ఉంటుంది.

కాబట్టి కనీసం నాలుగు పొరలు కలపాలి. ఆర్.ఎం.పి. జాబితా ఒకటి. రెండోది టియర్ టూ నివేదికలు, అంటే తమ దగ్గరున్న రసాయన నిల్వల గురించి ప్లాంట్లు ఏటా ఇచ్చే లెక్కలు: చాలా ప్రమాదకర రసాయనాలకు 10,000 పౌండ్లు దాటితే, అత్యంత ప్రమాదకరమైన వాటికి 500 పౌండ్లు లేదా అంతకన్నా తక్కువ పరిమితి దాటితే ఇవి ఇవ్వాలి. మూడోది సూపర్‌ఫండ్ స్థలాలు (శుద్ధి చేయాలని ప్రభుత్వం గుర్తించిన కలుషిత స్థలాలు), పాత వ్యర్థాల గుంటలు. నాలుగోది ఎవరూ లెక్కలోకి తీసుకోనివి: మురుగునీటి శుద్ధి కేంద్రాలు, పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులు, పురుగుమందుల గోదాములు, రైలు యార్డుల్లో ఆగిన ట్యాంకర్లు. టియర్ టూ లెక్కలు గడిచిన క్యాలెండరు ఏడాదివి, మార్చి 1 లోగా ఇస్తారు. అంటే ఫిబ్రవరిలో చూసేవాళ్ల చేతిలో ఏడాదికి పైగా పాతబడిన అంకెలు ఉండొచ్చు. తుపాను సీజన్‌లో నిల్వ ఎంత అన్నది ఫోన్ చేసి అడగాల్సిందే.

సమస్య ఒకటి రెండు ప్లాంట్లది కాదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జి.ఎ.ఒ. 2022లో 10,420 ఆర్.ఎం.పి. ప్లాంట్లను పరిశీలించింది. వాటిలో 3,219, అంటే 31 శాతం, వరద, తుపాను ఉప్పెన, కార్చిచ్చు, సముద్ర మట్టం పెరుగుదల వంటి ముప్పున్న ప్రాంతాల్లోనే ఉన్నాయని తేల్చింది.

రెండో పని: ఏ ఎత్తు నీటికి ఏది విఫలమవుతుంది

'వరద ప్రాంతంలో ఉందా, లేదా' అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబు వస్తుంది, దాంతో పెద్దగా ఉపయోగం లేదు. '100 ఏళ్ల వరద' అంటే ఏటా 1 శాతం అవకాశం. 30 ఏళ్ల ప్లాంటు జీవితంలో అలాంటిది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. '500 ఏళ్ల వరద'కు అదే లెక్క దాదాపు 6 శాతం. క్రాస్బీ ప్లాంటు ఈ వరద ప్రాంతాల్లో ఉందని బీమా సంస్థ అంతకు ముందే నివేదికలో రాసింది. ఆ సంగతి ప్లాంటులో తుపాను ఏర్పాట్లు చేసేవాళ్ల దాకా చేరలేదని సేఫ్టీ బోర్డు గుర్తించింది. బీమా ఫైలు ఒక గదిలో, ప్రమాద విశ్లేషణ ఫైలు ఇంకో గదిలో ఉండటం చాలా చోట్ల జరిగేదే. అందుకే అంచనా మొదలుపెట్టగానే బీమా ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అడిగి తీసుకోవాలి.

ఆ తర్వాత ప్లాంటులో ప్రతి కీలక పరికరానికీ ఎత్తు కొలవాలి. ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్, స్విచ్‌గేర్ అడుగు, జనరేటర్ ఎయిర్ ఇన్‌టేక్, డీజిల్ ట్యాంకు వెంట్, కంట్రోల్ ప్యానెల్ అడుగు, పంపు మోటారు షాఫ్ట్. ఇవన్నీ ఒకే డేటం (ఎత్తులు కొలవడానికి సున్నాగా తీసుకునే మట్టం) మీద, సెంటీమీటర్లలో రాయాలి. నేల మీద నుంచి ఎత్తు అని రాస్తే లాభం లేదు, ఎందుకంటే నేలే అన్నిచోట్లా ఒక మట్టంలో ఉండదు. వరద పటం డేటమూ, పాత ప్లాంటు డ్రాయింగుల డేటమూ వేరై, తేడా అడుగు దాటిన సందర్భాలు ఉంటాయి. ముందు అది సరిచూసుకోవాలి.

ఈ ఎత్తులను వరుసగా పేరిస్తే ఒక నిచ్చెన తయారవుతుంది. క్రాస్బీలో మెయిన్ కరెంటు, జనరేటర్లు, నైట్రోజన్, ట్రెయిలర్లు అన్నవి కాగితం మీద నాలుగు వేర్వేరు రక్షణలు. నిచ్చెన మీద చూస్తే నాలుగూ ఒకే నీటికి లొంగేవే. నీటికి స్వతంత్రంగా నిలిచే రక్షణ ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. ఆ లెక్క తరచు సున్నా వస్తుంది.

ట్యాంకుల సంగతి విడిగా చూడాలి. 12 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల ఎత్తు, అన్నీ కలిపి 30 టన్నుల బరువున్న స్టీలు ట్యాంకు ఉందనుకుందాం. అడుగు వైశాల్యం 113 చదరపు మీటర్లు. ఖాళీగా ఉంటే చుట్టూ నీరు 27 సెం.మీ.కు చేరగానే (30 ÷ 113) అది తేలుతుంది. మోకాలి దాకా కూడా అక్కర్లేదు. లోపల 0.75 సాంద్రత గల ద్రవం ఉండి, బయట 1.5 మీటర్ల నీరు వస్తుందనుకుంటే, కదలకుండా ఉండాలంటే లోపల కనీసం 1.65 మీటర్ల మట్టం కావాలి. 1.25 భద్రతా గుణకం కలిపితే 2.15 మీటర్లు. యాంకర్ బోల్టులను ఈ లెక్కలో కలపకపోవడమే మేలు, వాటి తుప్పు సంగతి ఎవరికీ తెలీదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నది పొంగకపోయినా ట్యాంకు తేలొచ్చు. చుట్టూ కట్టిన డైక్ గోడలో 600 మి.మీ. వాన పడి డ్రెయిన్ వాల్వు మూసి ఉంటే, నీరు 60 సెం.మీ. దాటుతుంది, ట్యాంకు పైకప్పు మీద పడిన వాన కూడా అందులోకే జారుతుంది కాబట్టి. ఖాళీ ట్యాంకు తన డైక్‌లోనే తేలి, పైపులు తెంపుకుంటుంది. వాల్వు తెరిచి ఉంచితే నూనె కలిసిన నీరు బయటి కాలువలోకి పోతుంది. దీనికి సరైన జవాబు వాల్వు దగ్గర లేదు, తుపానుకు ముందు ట్యాంకు ఎంత నింపాలన్న దాంట్లో ఉంది. 2005లో కత్రినా హరికేన్‌లో లూసియానాలోని మెరో దగ్గర రిఫైనరీ ట్యాంకును వరద ఎత్తి పక్కకు జరిపింది. 10 లక్షల గ్యాలన్లకు పైగా ముడి చమురు పక్క వీధుల్లోకి చేరి, సుమారు 1,800 ఇళ్లను తాకింది. 2,50,000 బ్యారెళ్లు పట్టే ఆ ట్యాంకులో అప్పుడు ఉన్నది 65,000 బ్యారెళ్లే.

ఫ్లోటింగ్ రూఫ్ ట్యాంకుల (లోపలి ద్రవం మీదే పైకప్పు తేలే ట్యాంకులు) దగ్గర దెబ్బ పైనుంచి వస్తుంది. వీటి డిజైన్ ప్రమాణం ఎ.పి.ఐ. 650 ప్రకారం, డ్రెయిన్లు పనిచేయకపోయినా 24 గంటల్లో పడే 250 మి.మీ. (10 అంగుళాలు) వానను రూఫ్ తట్టుకోవాలి. హార్వీ వాన ఆ హద్దును పలుచోట్ల దాటింది. ఆగస్టు 27న హ్యూస్టన్‌లోని మాంచెస్టర్ కాలనీ పక్క రిఫైనరీలో ఇలాంటి రూఫ్ ఒకటి కొంతవరకు మునిగి, బెంజీన్ కలిసిన ఆవిరులు బయటపడ్డాయి. కంపెనీ మొదట ఇచ్చిన విడుదల అంచనా చాలా తక్కువని పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. తర్వాత చెప్పింది. మూల జాబితాలో ప్రతి ఫ్లోటింగ్ రూఫ్ ట్యాంకుకూ రెండు వివరాలు ఉండాలి: సింగిల్ డెక్కా డబుల్ డెక్కా, ప్రైమరీ డ్రెయిన్ చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు. ఆకులు, తుప్పు పొలుసులు అడ్డుపడ్డ డ్రెయిన్ ఉన్నా లేనట్టే.

మూడో పని: గడియారం

ముప్పు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం. మాంచెస్టర్‌లో వాన కురుస్తుండగానే విడుదల జరిగింది, జనానికి వ్యవధి లేదు. క్రాస్బీలో చల్లదనం పోయాక మంట లేవడానికి రోజులు పట్టింది.

ఆ వ్యవధిని లెక్కించొచ్చు. చల్లగా ఉంచాల్సిన పెరాక్సైడ్‌కు స్వయంవేగ విచ్ఛిత్తి ఉష్ణోగ్రత అని ఒకటి ఉంటుంది. ప్యాకెట్టు ఏడు రోజుల్లోపు తనంతట తాను అదుపు తప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత అది. ఐక్యరాజ్యసమితి రవాణా నిబంధనల ప్రకారం అది 20 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువైతే, మామూలుగా ఉంచాల్సింది దానికి 20 డిగ్రీలు కింద, అత్యవసర చర్య మొదలుపెట్టాల్సింది 10 డిగ్రీలు కింద. ఉదాహరణకు విచ్ఛిత్తి ఉష్ణోగ్రత 10 డిగ్రీలనుకుంటే, ఉంచాల్సింది మైనస్ 10లో, అత్యవసర గీత సున్నా.

ఇన్సులేటెడ్ ట్రెయిలర్‌లో 15 టన్నుల సరుకు, కిలోకు డిగ్రీకి 2 కిలోజౌళ్ల ఉష్ణ సామర్థ్యం, 130 చదరపు మీటర్ల గోడలు, చదరపు మీటరుకు డిగ్రీకి 0.4 వాట్ల ఉష్ణ ప్రసారం, బయట 30 డిగ్రీలు అనుకుందాం. మొదట్లో లోపలికి వచ్చే వేడి సుమారు 2,080 వాట్లు, గంటకు పావు డిగ్రీ చొప్పున పెరుగుతుంది. మైనస్ 10 నుంచి సున్నాకు చేరడానికి 46 గంటల దాకా పడుతుంది. ఇది పై హద్దు మాత్రమే. సరుకు తనంతట పుట్టించే వేడినీ, ట్రెయిలర్ అడుగును తాకుతున్న నీటినీ ఇందులో కలపలేదు, రెండూ ఆ వ్యవధిని తగ్గించేవే. ఇంకో జాగ్రత్త: కంపెనీ ఇచ్చే విచ్ఛిత్తి ఉష్ణోగ్రత సాధారణంగా చిన్న ప్యాకింగుకు కొలిచినది. కుప్పగా పేర్చిన సరుకు మధ్యలోంచి వేడి బయటికి పోదు కాబట్టి, అక్కడ హద్దు ఇంకా కిందికి జారుతుంది.

ఇప్పుడు దీని పక్కన రోడ్డు గడియారం పెట్టాలి. బయటకు వెళ్లే ప్రతి రోడ్డులో అన్నిటికన్నా పల్లమైన చోటు ఎత్తు తీసుకుని, వరద వేగం బట్టి అది ఎప్పుడు మునుగుతుందో చూడాలి. పారే నీరు 30 సెం.మీ. ఉంటే చిన్న కార్లు కొట్టుకుపోతాయి, 60 సెం.మీ. అయితే చాలా వాహనాలు నిలవవు. విడుదల సమయంలోంచి చివరి రోడ్డు తెగే సమయాన్ని తీసేసి చూడాలి. రోడ్డే ముందు తెగుతుందని తేలితే, ఖాళీ చేయించే నిర్ణయాన్ని విడుదల సూచన మీద కాక వరద సూచన మీదే ముడిపెట్టాలి. నిజానికి అంచనా మొత్తంలో అధికారులకు తక్షణం పనికొచ్చే అంకె ఇదే.

క్రాస్బీలో ఇంకో కోణం కూడా ఉంది. ప్లాంటు పక్కనుంచి పోయే 90వ నంబరు హైవే సహాయక చర్యలకు ముఖ్యమైన దారి, అందుకే ఖాళీ చేసిన వలయంలో ఉన్నా మొదట్లో తెరిచే ఉంచారు. పొగ సోకినవాళ్లలో ఆ హైవే మీద ఉన్న పోలీసులు, అత్యవసర సిబ్బంది ఉన్నారు. వాళ్లు జనాభా లెక్కల్లో ఎక్కడా ఆ ప్రాంత నివాసులు కారు. పొడి రోజు పటంలో హైవే ఒక గీత మాత్రమే. వరద రోజున అది మనుషులున్న చోటు.

నాలుగో పని: జనం

సామాజిక దుర్బలత్వాన్ని కొలవడానికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. తయారుచేసిన ఎస్.వి.ఐ. సూచిక అందరికీ తెలిసిందే. సెన్సస్ ట్రాక్టు (జనాభా లెక్కల కోసం విడదీసిన చిన్న ప్రాంతం) స్థాయిలో 16 అంశాలు, నాలుగు వర్గాలు: ఆర్థిక స్థితి, కుటుంబ లక్షణాలు, జాతి, ఇల్లూ రవాణా. మొదటి వడపోతకు ఇది మంచిదే. ప్లాంటు చుట్టూ రెండు కిలోమీటర్లకు మాత్రం ముతక జల్లెడ. ఒక ట్రాక్టులో వేల మంది ఉంటారు, ప్లాంటు కంచె పక్కనున్న మొబైల్ హోమ్‌ల (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే తేలికపాటి ఇళ్లు) పార్కు, నాలుగు కిలోమీటర్ల అవతలి కొత్త కాలనీ ఒకే అంకెలో కలిసిపోతాయి. పైగా మొత్తం స్కోరులో ఒక ప్రమాదకర అంశాన్ని మిగతా పదిహేను మామూలు అంశాలు కప్పేస్తాయి. కాబట్టి మొత్తం స్కోరు పక్కన పెట్టి, విడి అంశాలను విడిగా తీయాలి. రసాయన విడుదలకు పనికొచ్చేవి ఇవి: వాహనం లేని ఇళ్లు, 65 దాటినవాళ్లు, వికలాంగులు, మొబైల్ హోమ్‌లు, హెచ్చరిక భాష అర్థంకానివాళ్లు. వీటికి సూచికలో లేనివి రెండు కలపాలి: ఇంట్లో ఆక్సిజన్ యంత్రం, డయాలిసిస్ వంటి కరెంటు ఆధారిత వైద్యం, బావినీరు తాగే ఇళ్లు.

ట్రాక్టు జనాభాను వైశాల్యం ప్రకారం సమంగా పంచకుండా ఇళ్ల చుక్కల మీదికి దించాలి. తర్వాత ఆ ఇళ్లను వరద లోతు పటం మీద పెట్టాలి. ఇక్కడే లెక్క తలకిందులవుతుంది.

'ఇంట్లోనే ఉండి తలుపులు మూసుకోండి' అన్న సలహా తీసుకోండి. బిగుతుగా మూసిన ఇంట్లో గంటకు 0.5 సార్లు గాలి మారితే, బయటి పొగ గంటలో లోపల 39 శాతం స్థాయికి చేరుతుంది. గంటకు రెండుసార్లు మారే పాత మొబైల్ హోమ్‌లో అదే గంటకు 86 శాతం. వరద తగ్గాక ఇళ్లు ఆరబెట్టడానికి జనం తలుపులు, కిటికీలు బార్లా తెరుస్తారు, తడిసిన గోడ పలకలు పీకేస్తారు, కరెంటు లేక ఏసీలు నడవవు. ఆ స్థితిలో ఇంటి లోపల, బయట అన్న తేడాయే ఉండదు. క్రాస్బీ మంటలు సరిగ్గా ఆ దశలోనే వచ్చాయి. అందుకే ప్రతి వీధికీ 'ఇంట్లో ఉండగలరా' అన్న ప్రశ్నకు వానకు ముందు ఒక జవాబు, వాన తర్వాత ఒక జవాబు రాయాలి.

'బయటికి వెళ్లగలరా' అన్నది కూడా లెక్కే. వాహనం లేనివాళ్లు 60 మంది, నీళ్లలో నడవగల ఎత్తైన ట్రక్కు ఒకటి, ఒక్కో ట్రిప్పుకు 12 మంది, రానుపోను 50 నిమిషాలు అనుకుంటే ఐదు ట్రిప్పులకు 250 నిమిషాలు. రెండు ట్రక్కులుంటే 150 నిమిషాలు. వీల్‌చెయిర్ ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికి రెండు మూడు సీట్ల చోటు పోతుంది, ఆ సంగతి చాలా ప్లాన్లలో మరిచిపోతారు. ఈ నిమిషాలను పైన చెప్పిన రోడ్డు గడియారంతో పోల్చాలి.

వృద్ధాశ్రమాలు, క్లినిక్కులు, వరద షెల్టర్లు విడి చుక్కలుగా ఉండాలి. పొడి రోజున ఖాళీగా ఉండే స్కూలు జిమ్ వరద రోజున వందల మంది ఉండే షెల్టరవుతుంది. అది ప్లాంటు గాలివాలులో ఉంటే, జనాన్ని వరద నుంచి తప్పించి పొగలోకి చేర్చినట్టవుతుంది. షెల్టర్ల జాబితాను పొగ వలయాలతో సరిచూడటం పది నిమిషాల పని, దాన్ని ఎవరో ఒకరి పేరు మీద పెట్టకపోతే జరగదు.

వలయం ఎంత పెద్దది

రోడ్డు ప్రమాదాలకు వాడే ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్‌లో ఉష్ణోగ్రత నియంత్రణ కావాల్సిన పెరాక్సైడ్లకు గైడ్ 148 వర్తిస్తుంది. ట్యాంకరు మంటల్లో ఉంటే అన్ని వైపులా 800 మీటర్లు అంటుంది. క్రాస్బీలో పెట్టినది 2.4 కి.మీ. అంటే మూడు రెట్లు. గైడ్‌బుక్ మొదటి అరగంటకు, ఒక్క వాహనానికి రాసింది, తొమ్మిది ట్రెయిలర్లకు కాదు.

ఆర్.ఎం.పి. 'అత్యంత ప్రమాదకర సందర్భం' లెక్కలు సెకనుకు 1.5 మీటర్ల గాలితో, నిశ్చలమైన రాత్రి వాతావరణంతో చేస్తారు. పారే విష వాయువుకు అది సరే. విష వాయువు ఎంత దూరం వ్యాపిస్తుందో లెక్కించడానికి ఉచితంగా దొరికే అలోహా సాఫ్ట్‌వేర్ మంటల్లో పుట్టే ఉప ఉత్పత్తులను, పొగ రేణువులను లెక్కించదు. పెరాక్సైడ్ మంటకు దాన్ని వాడి ఎర్ర వలయం గీయడం అంటే లేని ఖచ్చితత్వాన్ని చూపించడమే. పొగ ఎటు ప్రయాణిస్తుందో చూడటానికి హైస్ప్లిట్ వంటి మోడల్ వాడి, కనీసం మూడు గాలి దిశలతో నడపాలి: తుపాను ముందు, మధ్యలో, దాటాక. తుపాను దాటుతుంటే గాలి దిశ తిరగబడుతుంది, ఒకే దిశ మీద వేసిన పొగ పటం సగం రోజుకే చెల్లదు.

కొలిచే కళ్లు లేనప్పుడు

హార్వీకి ముందు హ్యూస్టన్ ప్రాంతంలో స్థిర గాలి మానిటర్లలో చాలావాటిని పరికరాలు దెబ్బతినకుండా ఆపేశారు. కారణం సబబే. కానీ ముప్పు ఎక్కువున్న రోజుల్లోనే డేటా లేకుండా పోయింది. అంచనాలో 'కొలత ఖాళీ' అన్న అంశాన్ని విడిగా చేర్చాలి: ఏ వీధికి దగ్గరి మానిటరు ఏది, అది ఏ ఎత్తు నీటికి లేదా ఏ గాలికి ఆగుతుంది, బదులుగా చేత్తో పట్టుకునే పరికరం ఎవరి దగ్గర ఉంది.

చేతి పరికరాల్లో రసాయన ఆవిరులను దీపకాంతితో పసిగట్టే ఫొటో అయనైజేషన్ డిటెక్టరే ఎక్కువ కనిపిస్తుంది. 10.6 ఎలక్ట్రాన్ వోల్ట్ దీపంతో అది బెంజీన్‌ను పసిగడుతుంది, సల్ఫర్ డయాక్సైడ్‌ను అసలు చూడదు. ఐసోబ్యుటిలీన్‌తో క్యాలిబ్రేట్ చేసిన పరికరం బెంజీన్ దగ్గర చూపించే అంకెను సుమారు 0.5తో గుణించాలి. వాన తేమలో రీడింగు తక్కువ చూపిస్తుంది. పొగ రేణువులకు ఇది పనికిరాదు, పక్కన రేణువుల మీటరు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తుపానుకు ముందు పొడి రోజున అదే వీధిలో తీసిన రీడింగు. అది లేకపోతే తర్వాత వచ్చిన ఏ అంకెకూ అర్థం చెప్పలేం.

నీరు తగ్గాక

సాన్ హసింటో నది ఒడ్డున 1960లలో కాగితం మిల్లు వ్యర్థాలు పోసిన గుంటలు ఉన్నాయి. వాటిని తాత్కాలికంగా రాళ్లు, పొరలతో కప్పి ఉంచారు. హార్వీ వరద ఆ కప్పును దెబ్బతీసింది. 2017 సెప్టెంబరులో ఇ.పి.ఎ. అక్కడ తీసిన ఒక నమూనాలో డయాక్సిన్ కిలోకు 70,000 నానోగ్రాములకు పైగా ఉంది. శుద్ధి చేయాల్సిన హద్దు 30. ఇది పొగలా రెండు రోజుల్లో పోయేది కాదు, మట్టిలో, చేపల్లో ఉండిపోతుంది. కాబట్టి జనం జాబితా కూడా మారుతుంది: అక్కడ చేపలు పట్టుకుని తినేవాళ్లు, బురద ఎత్తే కూలీలు, ఆ బురదలో ఆడే పిల్లలు.

నమూనాల విషయంలో తప్పులు ఎక్కువగా జరిగేవి సీసా దగ్గర, సమయం దగ్గర. బురద అయితే పైపొర 2 సెం.మీ. నుంచి 3 సెం.మీ. మాత్రమే తీయాలి. లోతుగా తవ్వితే వరద తెచ్చిన కొత్త మట్టిలో పాత మట్టి కలిసి గాఢత పలచబడుతుంది. ఒక ఇంటి పెరట్లో ఐదు చోట్ల తీసి కలిపితే ఒక నమూనా. పాక్షిక ఆవిరి సేంద్రియాల కోసం మట్టిని గాజు సీసాలో, 4 డిగ్రీల వద్ద ఉంచి 14 రోజుల్లో ల్యాబులో సంగ్రహణ మొదలవ్వాలి. నీటిలో ఆవిరయ్యే సేంద్రియాలకు 40 మి.లీ. వయల్‌లో గాలి బుడగ లేకుండా నింపి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించాలి. లోహాలకు నైట్రిక్ ఆమ్లం, అదే పీహెచ్, ఆరు నెలల గడువు, పాదరసానికి మాత్రం 28 రోజులు. ఇ.కోలి పరీక్ష అయితే నమూనా తీసిన 8 గంటల్లో మొదలవ్వాలి. రోడ్లు తెగిన ఊళ్లో ఈ చివరి గడువే ముందు పోతుంది, ల్యాబు దారి ముందే చూసుకోకపోతే తీసిన సీసాలన్నీ వృథా.

అన్నీ కలిపే దగ్గర

వాడుకలో ఉన్న పద్ధతి ముప్పు, సోకే అవకాశం, దుర్బలత్వం మూడింటికీ మార్కులు వేసి గుణించడం లేదా సగటు తీయడం. సగటు ఇక్కడ పనికిరాదు. వాహనం ఉంది, ఆరోగ్యం బాగుంది, కానీ రోడ్డు తెగింది అన్న ఇంటికి సగటులో మంచి మార్కులే వస్తాయి. ఆ ఇంట్లో మనిషి మాత్రం కదల్లేడు. బదులుగా ప్రతి వీధికీ, ప్రతి విడుదల సందర్భానికీ మూడు ప్రశ్నలు వేయాలి: విడుదలకు ముందు బయటపడగలరా, లోపల ఉండి తట్టుకోగలరా, ఏం జరుగుతోందో వాళ్లకు తెలుస్తుందా. మొదటి రెండింటికీ 'లేదు' వస్తే ఎరుపు, మిగతా మార్కులు ఏవైనా సరే. ఒక్కదానికి 'లేదు' వచ్చి మూడోదానికీ 'లేదు' అయితే అది కూడా ఎరుపే. ఫోన్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే వస్తాయి కాబట్టి, కరెంటు పోయి ఒక రోజు దాటిన చోట మూడో జవాబును 'లేదు' అనుకోవడమే సురక్షితం.

ఇలా చేస్తే పటం మీద ఎరుపు సాధారణంగా ప్లాంటు చుట్టూ వలయంగా రాదు. పల్లపు రోడ్డు అవతల ఇరుక్కున్న వీధిలో, గాలివాలులోని షెల్టరు దగ్గర, హైవే మీద ముక్కలు ముక్కలుగా వస్తుంది. వలయంగా వచ్చిందంటే రోడ్డు ఎత్తులు ఎక్కించలేదని అనుమానించాలి.

అమెరికాలో 2024 మార్చిలో సవరించిన ఆర్.ఎం.పి. నిబంధన ప్రకృతి వైపరీత్యాలను, కరెంటు పోవడాన్ని ప్రమాద విశ్లేషణలో స్పష్టంగా చూడాలని చేర్చింది. అయినా ప్లాంటు చేసే విశ్లేషణ కంచె దగ్గర ఆగిపోతుంది. కంచె అవతలి రోడ్డు ఎత్తులు, షెల్టరు జాబితా, ట్రక్కుల సంఖ్య స్థానిక అత్యవసర ప్రణాళికా కమిటీ చేతిలో ఉండాల్సినవి. ఇద్దరి అంకెలూ ఒకే డేటం మీద, ఒకే టేబుల్‌లో, ఏటా తుపాను సీజన్‌కు రెండు నెలల ముందు తాజా చేయాలి. కొత్త ఇళ్లు, కొత్త కల్వర్టు, ప్లాంటులో మారిన నిల్వ, షెల్టరుగా కొత్తగా చేర్చిన భవనం: వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ వీధి మూడు జవాబులనూ మళ్లీ రాయాలి.